మోడల్ టీ కొనాలా, మోడల్ ఏ కొనాలా: రెండింటినీ ఏళ్ల తరబడి నడిపిన అనుభవంతో

పాతకాలపు కారు ఒకటి కొని, గ్యారేజీలో గుడ్డ కప్పి దాచుకోవడానికి కాకుండా రోడ్డు మీద స్వయంగా నడుపుకోవాలనుకునే వారికి అమెరికాలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది: ఫోర్డ్ మోడల్ టీ మంచిదా, దాని తరువాత వచ్చిన మోడల్ ఏ మంచిదా? టీ 1908 నుంచి 1927 వరకు సుమారు కోటీ యాభై లక్షలు, ఏ 1927 చివరి నుంచి నాలుగేళ్ల పాటు దాదాపు నలభై ఎనిమిది లక్షలు తయారయ్యాయి కాబట్టి ఈనాటికీ రెండూ దొరుకుతున్నాయి, విడిభాగాలకూ కొదవ లేదు. నేను డెట్రాయిట్‌కు పడమరగా ఉన్న క్యాంటన్‌లో ఉంటాను. నా దగ్గర 1923 నాటి టీ టూరింగ్ కారు పదకొండేళ్లుగా, 1930 నాటి మోడల్ ఏ ట్యూడర్ (రెండు తలుపుల) సెడాన్ ఎనిమిదేళ్లుగా ఉన్నాయి. మొదటిదాన్ని దాదాపు 5,000 మైళ్లు, రెండోదాన్ని 11,000 మైళ్ల పైచిలుకు నడిపాను. ఈ లెక్కలోనే నా సమాధానం సగం ఉంది. మిగతా సగం చెప్పడానికే ఈ సమీక్ష.

కొనదలచినవారు కారును చూడటానికి వెళ్లే ముందు తమ ఇంటి చుట్టూ ఐదారు మైళ్ల మేర ఉన్న రోడ్లను చూడాలి. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్న విషయం. టీ గంటకు 40, 45 మైళ్ల వరకు పోగలదని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ దాన్ని హాయిగా, యంత్రానికి శ్రమ లేకుండా నడపగలిగే వేగం 30 నుంచి 35 మైళ్లే. మోడల్ ఏ 45, 50 మైళ్ల వద్ద నిలకడగా పోతుంది. ఈ పదిహేను మైళ్ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. అయితే వెనుక ఒక పెద్ద ట్రక్కు దగ్గరకు వచ్చి హారన్ కొడుతున్నప్పుడు, రెండింటిలో ఏది మీకు ఊరంతా తిరిగే స్వేచ్ఛ ఇస్తుందో, ఏది మిమ్మల్ని నాలుగు వీధులకే పరిమితం చేస్తుందో తేల్చేది ఆ పదిహేను మైళ్లే.

ముందుగా టీ గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. దాని ఇంజిన్ 2.9 లీటర్లది, శక్తి 20 గుర్రాలు. నీటిని తిప్పే పంపు లేదు. వేడెక్కిన నీరు తనంతట తాను పైకి పోయి, చల్లారి కిందికి దిగే పద్ధతిలోనే ఇంజిన్ చల్లబడుతుంది. నా కారుకు ఎలక్ట్రిక్ స్టార్టరు ఉన్నా, చాలా ఉదయాలు నేను హ్యాండిల్ కొట్టే స్టార్టు చేస్తాను. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా వెనక్కి లాగి ఉంచాలి, ఎందుకంటే చక్రాలను పట్టేదీ, క్లచ్‌ను విడదీసేదీ ఆ ఒక్క లివరే. స్టీరింగుకు ఎడమవైపున్న, నిప్పురవ్వ పుట్టే సమయాన్ని మార్చే స్పార్క్ లివరును పైకి నెట్టాలి, కుడివైపు లివరుతో పెట్రోలు కొద్దిగా తెరవాలి. రేడియేటర్ పక్కనున్న తీగను లాగి హ్యాండిల్‌ను రెండు మూడు పావు తిప్పులు తిప్పితే సిలిండర్లలోకి పెట్రోలు చేరుతుంది. అప్పుడు స్విచ్చి వేసి, ఎడమ చేత్తో, బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి, హ్యాండిల్‌ను ఒక్కసారి కింది నుంచి పైకి లాగాలి. చెక్క పెట్టెలోని, నిప్పురవ్వ పుట్టించే నాలుగు కాయిళ్లు తుమ్మెదల్లా ఝుమ్మంటాయి, ఇంజిన్ అందుకుంటుంది. బాగా వేడిగా ఉన్న ఇంజిన్ అయితే హ్యాండిల్ కూడా అక్కరలేదు: స్విచ్చి వేసి స్పార్క్ లివరును కదిపితే ఒక్కోసారి తనంతట తానే లేస్తుంది. పదకొండేళ్ల తరువాత కూడా అలా లేచిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది.

చలిలో మాత్రం జాగ్రత్త అవసరం. చిక్కబడిన ఆయిలు క్లచ్ పళ్లేలను అంటిపెట్టుకుని ఉండటం వల్ల, ఇంజిన్ అందుకోగానే కారు ముందుకు, అంటే హ్యాండిల్ తిప్పుతున్న మనిషి మీదికి, మెల్లగా కదలబోతుంది. చక్రాలకు చెక్క దిమ్మ అడ్డం పెట్టకుండా నేను ఎన్నడూ హ్యాండిల్ పట్టుకోను.

నడపడం వేరే విద్య. కింద మూడు పెడళ్లు ఉంటాయి కానీ వాటిలో యాక్సిలరేటరు లేదు. ఎడమ పెడలును పూర్తిగా తొక్కితే చిన్న గేరు, సగంలో పట్టుకుంటే న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు ముందుకు వేసి వదిలేస్తే పెద్ద గేరు. మధ్య పెడలు వెనక్కి నడపడానికి. కుడి పెడలు బ్రేకు. మా నాన్నగారు విజయవాడలో ముప్పై ఏళ్లు లారీ నడిపారు; ఇక్కడికి వచ్చిన వేసవిలో ఇంటి వెనుక ఖాళీ స్థలంలో రెండు కార్లనూ ఆయన చేతికి ఇచ్చాను. మోడల్ ఏ ఎక్కిన రెండు నిమిషాల్లోనే, క్లచ్ రెండుసార్లు కొట్టి, చిన్న చప్పుడు కూడా రాకుండా గేరు మార్చారు. ఆయన తొలినాళ్లలో నడిపిన లారీల గేర్లు అలాంటివేనట. టీ ఎక్కి మాత్రం ఒక చుట్టు తిరిగి ఆపేశారు. "ఒరేయ్, ముప్పై ఏళ్లు నా కాళ్లు నేర్చుకున్నదంతా ఇది మరిచిపొమ్మంటోందిరా. మరిచిపోతే తరువాత లారీ ఎక్కినప్పుడు ప్రమాదం" అన్నారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు.

ఎందుకంటే ఆయన భయపడిన పరిస్థితి నాకు ఒకసారి నిజంగానే ఎదురైంది. టీ కొన్న రెండో ఏడు, సిగ్నల్ దగ్గర ముందున్న కారు హఠాత్తుగా ఆగినప్పుడు, రోజూ ఆఫీసుకు మామూలు గేర్ల కారు నడిపే అలవాటుతో రెండు కాళ్లనూ ఒకేసారి నేలకు నొక్కేశాను. మామూలు కారులో ఎడమ కాలు ఇంజిన్‌ను విడదీస్తుంది. టీలో పూర్తిగా తొక్కిన ఎడమ కాలు చిన్న గేరు పట్టి కారును ముందుకు లాగుతుంది. ఒక పక్క బ్రేకు పట్టుకుంటుంటే, మరో పక్క ఇంజిన్ నెట్టుతోంది. చివరి క్షణంలో హ్యాండ్‌బ్రేకు లాగడంతో జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు నుంచి టీ నడిపే ప్రతి ఉదయమూ రోడ్డెక్కే ముందు మా వీధిలోనే నాలుగుసార్లు ఆపి, కదిలించి, కాళ్లకు పాఠం చెప్పుకుని గాని బయలుదేరను.

బ్రేకుల విషయం ఇంకా వివరంగా చెప్పాలి, ఈ రెండింటి మధ్య అసలైన తేడా అక్కడే ఉంది. టీలో కాలి బ్రేకు చక్రాలను పట్టదు. గేరుపెట్టె లోపలి డ్రమ్మును పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఇరుసు ద్వారా వెనుక చక్రాలు ఆగాలి. అంటే ఇరుసు లోపల ఏది విరిగినా కాలి బ్రేకు లేనట్టే. ఆ ఇరుసులో ఫోర్డ్ కంపెనీ వేసినవి బాబిట్ అనే మెత్తటి లోహపు వాషర్లు. అవి వందేళ్ల తరువాత పెళుసుబారి పొడి అవుతాయి కాబట్టి వాటిని తీసి కంచువి వేయించాలన్నది టీ నడిపేవారిలో అందరికీ తెలిసిన నియమం. నాకు కారు అమ్మిన వ్యక్తి ఆ పని అయిపోయిందని చెప్పారు. నేను నమ్మి ఒక వేసవి అంతా కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగాను. శీతాకాలంలో ఊరికే చూద్దామని ఇరుసు విప్పితే, ఆయిలులో బూడిద రంగు ముక్కలు తేలుతూ కనిపించాయి. ఒక వాషరు స్థానంలో ఏమీ మిగలలేదు. ఆ ముక్కలను ఒక చిన్న సీసాలో వేసి పనిబల్ల మీద పెట్టుకున్నాను. టీ కొనబోయేవారు ఎవరు వచ్చినా ముందు ఆ సీసా చూపిస్తాను. ఇరుసు బాగుచేసిన రుజువు చూపలేని టీని, ఎంత మెరుస్తున్నా, విప్పి చూసుకునే దాకా నడపకండి.

ఆ తరువాత నేను వెనుక చక్రాల డ్రమ్ముల మీద బయటి నుంచి బిగిసే రాకీ మౌంటెన్ బ్రేకులు వేయించాను. ముందుకు పోతున్నప్పుడు ఇవి చక్కగా పట్టుకుంటాయి. ఎత్తు మీద ఆగి వెనక్కి జారితే మాత్రం పట్టు చాలా తక్కువ. అప్పుడు హ్యాండ్‌బ్రేకే దిక్కు.

మోడల్ ఏ ఈ చింతలన్నిటికీ సమాధానంగా తయారైనట్టు ఉంటుంది. నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉన్నాయి, కడ్డీలతో లాగేవే అయినా సరిగ్గా సర్దితే నమ్మదగినవి. ఇంజిన్ 3.3 లీటర్లది, శక్తి 40 గుర్రాలు, టీకి రెట్టింపు. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు మనకు అలవాటైన చోట్లలోనే ఉంటాయి. గేర్లు మూడు, వాటి వేగాలను తనంతట తానే కలిపే సింక్రో లేదు కాబట్టి క్లచ్ రెండుసార్లు కొట్టడం నేర్చుకోవాలి, అది వారం పది రోజుల పని. ముందు అద్దం పగిలినా గాజు పెంకులు ఎగరని రకంది, 1928 నాటికి అది సామాన్యుడి కారులో ఉండటం చిన్న విషయం కాదు. పెట్రోలు ట్యాంకు డ్యాష్‌బోర్డు వెనుకే ఉంటుంది, ఎంత ఉందో ఎదురుగా ముల్లు చూపిస్తుంది. టీలో ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది. పెట్రోలు పోయించాలంటే కూర్చున్నవారిని దింపి, మెత్త తీసి, గీతలు గీసిన కర్ర ముంచి చూడాలి. పెట్రోలు తన బరువుతోనే కార్బురేటరుకు దిగాలి కాబట్టి, ట్యాంకులో తక్కువగా ఉంటే నిటారైన ఎత్తు ఎక్కదు, అప్పట్లో వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. మా ప్రాంతం బల్లపరుపుగా ఉండటం వల్ల నాకు ఆ అవసరం రాలేదు.

నిర్వహణలో రెండూ శ్రద్ధ కోరుతాయి, కానీ కోరే తీరు వేరు. ఏకు ఆయిలు చూసుకునే కడ్డీ ఉంది. టీకి లేదు, కిందికి దూరి రెండు చిన్న కుళాయిలు తిప్పి, పై కుళాయి నుంచి ఆయిలు కారుతోందో లేదో చూడాలి. ఏలో ఒకే కాయిలు, నిప్పురవ్వను సిలిండర్లకు పంచే ఒక డిస్ట్రిబ్యూటరు, కొన్ని వందల మైళ్లకు ఒకసారి అందులోని పాయింట్ల మధ్య ఖాళీ చూసుకుంటే చాలు. టీలోని నాలుగు కాయిళ్లూ ఒకే తీరున పనిచేయాలి. ఒకటి మందగించినా ఇంజిన్ కుంటుతుంది. నేను వాటిని కంటి అంచనాతో సర్ది రెండేళ్లు బాధపడ్డాను. చివరికి ఒక పెద్దాయన వద్ద ఉన్న, చేత్తో తిప్పే పరీక్ష యంత్రం మీద సర్దించుకున్న రోజున నా ఇంజిన్ ఇంత మృదువుగా తిరగగలదా అనిపించింది. మోడల్ ఏ విషయంలో నా ఫిర్యాదు అదురు. 50 దాటితే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది, ఆ వేగంలో గంటసేపు నడిపితే బేరింగులకు మంచిది కాదు. వాటిని తిరిగి పోత పోయించడం ఖర్చుతో కూడిన పని. అందుకే దాన్ని 45 దాటనివ్వను.

ఇక్కడి చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రెండూ గ్యారేజీలోనే ఉంటాయి. మిషిగన్ రాష్ట్రం ఇచ్చే చారిత్రక వాహనపు ప్లేటుతో ప్రదర్శనలకు, ఊరేగింపులకు తిరగవచ్చు; మామూలు పనులకు వాడుకోవడంపై పరిమితులు ఉన్నాయి. ఆగస్టంతా కూరగాయలకు, గుడికి, స్నేహితుల ఇళ్లకు నేను మోడల్ ఏ లోనే వెళతాను. సెప్టెంబరులో డియర్‌బార్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో 1932 వరకు తయారైన బళ్లకు ఉత్సవం జరుగుతుంది. కొనదలచినవారు కొనకముందే ఒకసారి అక్కడికి వెళ్లాలి. రెండు కార్లూ పక్కపక్కనే కదులుతుంటే చూసి, యజమానులను అడిగి, వీలైతే పక్క సీటులో కూర్చుని తిరిగితే, వంద వ్యాసాలు చదివినా తెలియనిది తెలుస్తుంది.

ఇక ఎవరు ఏది కొనాలి? మీ ఇంటి నుంచి ఎటు వెళ్లినా 45 మైళ్ల వేగపు రోడ్డు దాటక తప్పకపోతే, ఇంట్లో మరొకరు కూడా నడపాలనుకుంటే, పిల్లలను ఎక్కించుకోవాలనుకుంటే, తడబాటు లేకుండా మోడల్ ఏ కొనండి. ఈ కాలపు సీటుబెల్టులు ఏ లోనూ ఉండవు, ఆ సంగతి మరవవద్దు. తక్కువ వేగపు రోడ్లు దగ్గరలో ఉండి, యంత్రాన్ని విప్పి చూసే ఓపిక ఉండి, నడపడాన్ని కొత్తగా నేర్చుకోవడమే మీకు ఆనందమైతే టీ కొనండి. టీని చవకైన, చిన్న మోడల్ ఏ అనుకుని కొనేవారే నిరాశపడతారు. నాకు తెలిసి అలా కొన్న ముగ్గురూ రెండేళ్లలో అమ్మేశారు.

ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే నేను ఉంచుకునేది ఏనే. అయినా ఇన్నాళ్లూ టీని అమ్మకపోవడానికి కారణం మా ఇంటికి కొద్ది దూరంలోనే హైన్స్ డ్రైవ్ ఉండటం. రూజ్ నది పక్కనే నార్త్‌విల్ నుంచి డియర్‌బార్న్ దాకా, చెట్ల నీడలో, మలుపులు తిరుగుతూ సాగే రోడ్డు అది. రోడ్డు మధ్యలో గీత గీయాలని 1911లో తలపెట్టిన ఎడ్వర్డ్ హైన్స్ పేరు దానికి పెట్టారు. దారిలో నాన్‌కిన్ మిల్, న్యూబర్గ్ మిల్ లాంటి చిన్న భవనాలు కనిపిస్తాయి. నీటి శక్తితో నడిచిన ఆ మిల్లుల్లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల తయారీకి కావలసిన చిన్న భాగాలు, పనిముట్లు చేయించాడు. ఆదివారం పొద్దున్నే, బళ్లు పెద్దగా లేని వేళ, పై కప్పు మడిచి, 28 మైళ్ల వేగంతో ఆ నీడలో పోతుంటే కాయిళ్ల రొద, చెక్క చువ్వల చక్రాల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఆ రోడ్డు మీద నేను తిరిగే పన్నెండు మైళ్లకు మోడల్ ఏ కూడా పనికొస్తుంది. కానీ ఆ పన్నెండు మైళ్లకు నేను ఇంతవరకు ఒక్కసారి కూడా దాని తాళం తీయలేదు.