ఘాట్‌లో నిమ్మకాయ అక్కర్లేని బస్సు

తిరుమలకు తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల గురించి నేను ముందుగా చెప్పేది ఒక్కటే: మా అమ్మకు వాంతులు కావడం లేదు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఘాట్ రోడ్డంటే ఆమెకు హడల్. డీజిల్ బండిలో మలుపు మలుపుకీ గేరు మార్చడం, ఆ కుదుపు, కిటికీలోంచి కొట్టే పొగ. అలిపిరి దాటీ దాటకముందే నిమ్మకాయ ముక్కు దగ్గరికి, క్యారీబ్యాగు చేతిలోకి వచ్చేసేవి. 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాలు మొదలైనప్పుడు, ఆర్టీసీ ఈ బండ్లను రోడ్డు మీదికి తెచ్చింది. ఇప్పుడు అమ్మతో కొండకు పోవాలంటే వీటికోసమే కాచుకుంటాం. మలుపులు అవే, ఎత్తూ అదే. గేర్లు మార్చే పని లేదు గనక బండి ఒకే ఊపున లాక్కుపోతుంది. నిమ్మకాయ ఇప్పటికీ సంచిలో వేసుకునే బయలుదేరుతుంది, ఇంటికొచ్చాక దాంతో పులిహోర కలుపుతుంది.

నేను అనుకోనిది దిగేటప్పుడు చూశాను. ఓసారి డ్రైవరు వెనకాలే సీటు దొరికింది. ఆయన ముందున్న తెరమీద బ్యాటరీ అంకె కనిపిస్తోంది. మోకాళ్ల మెట్టు దగ్గర రోడ్డు పక్కన నడిచొచ్చే భక్తులను దాటుకుంటూ దిగుతున్నాం, అంకె తగ్గాల్సింది పోయి ఒకటి పెరిగింది. అడిగితే ఆయన తల తిప్పకుండానే, "ఎక్కేటప్పుడు తినేస్తాదన్నా, దిగేటప్పుడు కొంచెం కొంచెం కక్కుతాది" అన్నాడు. పల్లంలో బండి వేగాన్ని మోటారే పట్టి ఆపుతుందంట, అప్పుడది డైనమో మాదిరి తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుందంట. బ్రేకుల మీద భారం తగ్గుతుంది. దిగేటప్పుడు ముక్కుపుటాలు అదరగొట్టే ఆ కాలిన వాసన ఏమైందో నాకప్పుడు అర్థమైంది. అమ్మ ఊరుకుంటుందా? "అట్లయితే దిగేదానికి టికెట్టు ఎందుకయ్యా, మీరే మాకు ఎదురివ్వాల కదా?" అంది. "అది డిపోలో అడగాలమ్మా, నాకూ జీతం పెంచమని చెప్పు" అన్నాడు. ముందు సీట్లలో అందరూ నవ్వారు.

కొత్తవాళ్లకు ఒక మాట. పైకి పోయేటప్పుడు అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగులతో సహా దిగి, అటువైపు మళ్లీ ఎక్కాలి. ఈ బండ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దిగేముందు బస్సు నంబరులో చివరి నాలుగంకెలు చూసి పెట్టుకోండి.

మొదట్లో ఏసీని కూడా తెగ పొగిడాను. తిరుపతి ఎండల్లో ఇప్పటికీ పొగుడుతాను. ధనుర్మాసంలో తెల్లవారుజామున మాత్రం అమ్మకు శాలువా కప్పాల్సిందే. అద్దాలు తీసుకునే వీలుండదు కాబట్టి వాన పడిన సాయంత్రం శేషాచలం అడవి వాసన లోపలికి రాదు. నాలాంటి వాడికి అది లోటే. టికెట్టు కూడా కొండకు తిరిగే మామూలు సప్తగిరి డీజిల్ బస్సు కంటే కాస్త ఎక్కువ. కుటుంబమంతా పోతే ఆ తేడా తెలుస్తుంది.

ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లు, పెద్దవాళ్లు, చంటిపిల్లలు మీతో ఉంటే ఇంకో ఆలోచన పెట్టుకోకండి. కిటికీ తెరిచి గాలి పీల్చుకుంటూ పోవాలనే మా తమ్ముడు మాత్రం పాత బండే ఎక్కుతాడు, నేను వద్దనను. ఒంటరిగా పోయేటప్పుడు నేనూ ముందొచ్చిన బస్సే ఎక్కుతాను.