వెనిస్‌లో దిగాలా, మెస్త్రేలో దిగాలా: తక్కువ ఖర్చులో ఏది మేలు?

జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న పిల్లల నుంచి, అమ్మానాన్నల్ని యూరప్ తిప్పుదామనుకుంటున్న ఉద్యోగుల దాకా ఇటలీ టికెట్లు తీసుకున్నవాళ్లందరూ నన్ను అడిగేది ఇదొక్కటే. వెనిస్‌లో గది రేట్లు చూస్తే భయమేస్తోంది, రైల్లో పది నిమిషాలు వెళ్తే, నీళ్లకు ఇవతల నేల మీదున్న మెస్త్రేలో చాలా తక్కువకు వస్తోంది, ఎక్కడ దిగమంటారు? నేను రెండు చోట్లా ఉన్నాను. మొన్న అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు మళ్లీ ఇదే లెక్క వేసుకుని వెనిస్ దీవిలోనే గది తీసుకున్నాం.

మెస్త్రే వైపు బలం తక్కువేమీ కాదు. అక్కడి నుంచి దీవిలోని శాంతా లూచియా స్టేషన్‌కు రైలు పది పన్నెండు నిమిషాలు, టికెట్ ఒకటిన్నర యూరో దరిదాపుల్లో. పగలు రైళ్లు వెంటవెంటనే ఉంటాయి. బస్సు, ట్రామ్ అయితే దీవి అంచున పియజ్జాలే రోమా అనే బస్సుల అడ్డా దాకా తీసుకెళ్తాయి (ఆ టికెట్ పడవల్లో చెల్లదు, గుర్తుంచుకోండి). గదులు కాస్త పెద్దవి, చాలా హోటళ్లలో లిఫ్ట్ ఉంటుంది, బస చేసేవాళ్ల దగ్గర వసూలు చేసే ఊరి పన్ను కూడా దీవిలో కంటే తక్కువ. 2024లో మొదలైన వెనిస్ ప్రవేశ రుసుము గురించి కొందరు టెన్షన్ పడుతుంటారు. అది కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, పగటిపూట వచ్చి పోయేవాళ్లకు మాత్రమే. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడ రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు ఉంది. కాకపోతే ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకోవాలి.

మన వాళ్లకు ముఖ్యమైనది ఇంకొకటి. మెస్త్రేలో బంగ్లాదేశీయులు బాగా స్థిరపడ్డారు. స్టేషన్ దగ్గరి వియా పియావె వీధి వైపు వాళ్ల దుకాణాల్లో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. రెండు పూటలు పిజ్జా తింటే మూడో పూట అన్నం కావాలనే పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది చిన్న సంగతి కాదు.

ఇన్ని ఉన్నా నేను దీవి వైపే ఎందుకు మొగ్గుతానంటే, ఆ పది నిమిషాలు నిజానికి పది నిమిషాలు కావు. గది నుంచి స్టేషన్‌కు నడక, ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపు, రైలు, దిగాక ఊరి ప్రధాన చౌక్ శాన్ మార్కో దాకా సందుల్లో అరగంట పైన నడక. మొత్తం కలిపితే గంట దాటుతుంది. ఒకసారి వెళ్లి ఒకసారి రావడానికైతే ఫర్వాలేదు. కష్టం వచ్చేది మధ్యాహ్నం. వెనిస్‌లో ఉచితంగా కూర్చునే చోట్లు చాలా తక్కువ. శాన్ మార్కోలో మెట్ల మీద కూర్చున్నా, కింద కూర్చుని తిన్నా ఫైన్ వేస్తారు. పబ్లిక్ టాయిలెట్‌కు మనిషికి ఒకటిన్నర యూరో. ఎండాకాలంలో ఒంటిగంట వేళకు షుగర్ ఉన్న మామయ్యను ఎక్కడ కూర్చోబెట్టాలి? కేఫ్‌లో బల్ల దగ్గర కూర్చుంటే, కౌంటర్ దగ్గర నిలబడి తాగే కాఫీకి అయ్యేదానికి రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు మించి. గది నడకదూరంలో ఉంటే ఇంటికొచ్చినట్టు వచ్చి, ఏదో ఒకటి తిని, రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం అయిదింటికి మళ్లీ బయల్దేరవచ్చు. మెస్త్రేలో దిగినవాళ్లు మధ్యాహ్నం వెనక్కి వెళ్లరు. వెళ్తే మళ్లీ రారు.

పగటి రద్దీకి ముందూ వెనకా ఉన్న తేడాయే అసలు విషయం. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదారు దాకా రోజువారీ జనం కిక్కిరిసి ఉంటారు. గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ మీది రియాల్టో వంతెన మీద ఫొటోకు కూడా చోటుండదు. సాయంత్రమయ్యేసరికి బస్సులు, రైళ్లు ఎక్కి చాలామంది వెళ్లిపోతారు. తొమ్మిది దాటాక అదే వంతెన మీద నిలబడి నీళ్ల మీద దీపాలు చూడొచ్చు. పొద్దున్నే ఆరున్నరకు శాన్ మార్కో చౌక్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు. చేపల మార్కెట్ కూడా పొద్దున చూడాల్సిందే. వీటిలో దేనికీ టికెట్ లేదు. తిరుమల కొండ మీద గది దొరికినవాళ్లకూ, కింద తిరుపతిలో దిగి రోజూ బస్సెక్కేవాళ్లకూ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా. మెస్త్రే నుంచి తెల్లవారుజామున రైలెక్కి రావచ్చు కదా అంటారు. రావచ్చు, కానీ ముందురోజంతా నడిచిన కాళ్లతో, పిల్లల్ని లేపి, అలా వచ్చినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా నడిచేవాళ్లకు నేను చెప్పే చోటు ఒకటుంది. రియాల్టో నుంచి కొద్ది నిమిషాల్లో మాలిబ్రాన్ థియేటర్ వెనక కోర్తె దెల్ మిలియోన్ అనే చిన్న ముంగిలి వస్తుంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ చుట్టుపక్కలే ఉండేది. 13వ శతాబ్దం చివర్లో మన మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి, అక్కడి వజ్రాల గురించి, సన్నని బట్టల గురించి, న్యాయంగా పాలించిన రాణి గురించి చెప్పిన మనిషి ఆయన. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. పగలు ఆ సందుల్లో జనం తోపులాటలో ఇదంతా తలచుకునే వీలుండదు.

ఇక డబ్బు. గది రేటును గది రేటుతో పోల్చి ఆపేయకండి. ఇద్దరికి దీవిలో రాత్రికి 40 యూరోలు ఎక్కువ అనుకుందాం. మెస్త్రే నుంచి ఇద్దరికి రానూపోనూ రైలుకు ఆరు యూరోలు పోతాయి. అలిసిపోయి స్టేషన్‌కు వెనక్కి వచ్చేటప్పుడు వపొరెత్తో (ఊరి పడవ బస్సు) ఎక్కితే మనిషికి 9.50, ఒక రోజు పాస్ అయితే 25. దీవిలో ఉన్నవాళ్లు పడవ అసలు ఎక్కకుండానే గడపవచ్చు. గ్రాండ్ కెనాల్ దాటాలనిపిస్తే త్రగెత్తో అనే ఉమ్మడి గొందోలా పడవలో రెండు యూరోలకు అవతలి ఒడ్డుకు దింపుతారు. మామూలు గొందోలాకు పగటిపూట అరగంటకు 90 యూరోలు. బురానో, మురానో దీవులు చూసే రోజుకు మాత్రమే పాస్ కొనండి. 29 ఏళ్ల లోపు పిల్లలైతే రోలింగ్ వెనిస్ కార్డు తీసుకోండి, మూడు రోజుల పాస్ బాగా తగ్గుతుంది. ఇలా తీసివేతలు చేసుకుంటూ వస్తే ఇద్దరు మనుషులకు ఆ 40 కాస్తా 15, 20కి దిగుతుంది. నవంబరులో, సంక్రాంతి రోజుల నుంచి కార్నివాల్ అనే ముసుగుల పండుగ మొదలయ్యే దాకా దీవిలో రేట్లే పడిపోతాయి. అప్పుడు మెస్త్రే మాటే వద్దు.

అయితే దీవిలో ఎక్కడ పడితే అక్కడ తీసుకుంటే చిక్కే. ఊళ్లో 400కు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. రెండు పెద్ద సూట్‌కేసులతో మూడు వంతెనలు దాటితే ఆ రోజంతా ఒళ్లు నొప్పులే. శాంతా లూచియా స్టేషన్ బయటికి వచ్చి ఎడమకు తిరిగితే లిస్టా ది స్పాన్యా వీధి. గూల్యె వంతెన దాకా ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. మేము చూసేది ఆ వీధి, దాని పక్క సందులే. ఆ వంతెన ఒక్కటి దాటగలిగితే కన్నరేజో పేటలో ఇంకా ప్రశాంతమైన గదులున్నాయి. 1516లో ఏర్పడిన యూదుల గెట్టో (వాళ్లను విడిగా ఉంచిన పేట) కూడా అక్కడే. కాలువ గట్టున బాకరో అనే చిన్న వైన్ దుకాణాల్లో నిలబడి రెండేసి యూరోల చికెత్తి అనే చిరుతిళ్లతో కడుపు నింపుకోవచ్చు. శాకాహారులు మాత్రం అడిగి తీసుకోవాలి, చాలావాటిలో చేప ఉంటుంది. బుక్ చేసేముందు గది ఎన్నో అంతస్తో, లిఫ్ట్ ఉందో లేదో మెసేజ్ పెట్టి కనుక్కోండి. పాత భవనాల్లో ఇరుకు మెట్లు నిటారుగా ఉంటాయి.

లీదో, జుదెక్కా అనే పక్క దీవులు బాగానే ఉంటాయి గానీ గది దాటితే పడవ టికెట్ కొనాల్సిందే. నేల మీదున్న పాదువా చవక, ఊరూ బాగుంటుంది. కానీ అక్కడ దిగితే రుసుము ఉన్న రోజుల్లో అదీ కట్టాలి, పైగా దూరం.

మెస్త్రే ఎవరికి మేలంటే, నలుగురైదుగురు కలిసి ఒకే ఫ్లాట్ తీసుకునేవాళ్లకు, అద్దె కారులో వచ్చేవాళ్లకు, వెనిస్‌కు ఒక్క రోజిచ్చి మిగతా రోజులు వెరోనా, పాదువా చూసేవాళ్లకు. అది పెద్ద జంక్షన్, అన్ని వైపులకూ రైళ్లున్నాయి. అలా దిగితే స్టేషన్‌కు అయిదు నిమిషాల నడకలోనే ఉండండి. బస్సెక్కి స్టేషన్‌కు వెళ్లే హోటల్ ఎంత చవకైనా వద్దు. రాత్రి చివరి రైలు ఎన్నింటికో ముందురోజే చూసుకోండి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మెషిన్‌లో ముద్ర వేయించుకోండి, లేకపోతే జరిమానా.

బుకింగ్ సైట్లలో మెస్త్రే హోటళ్లు కూడా పేరులో వెనిస్ అనే రాసుకుంటాయి. అడ్రసులో పిన్‌కోడ్ చూడండి. 3017తో మొదలైతే అది మెస్త్రే లేదా దాని పక్కనున్న మార్గేరా. 3012తో మొదలైతే వెనిస్ దీవి, అందులో 30126 మాత్రం లీదో. కన్నరేజో 30121.