డాబా మీద 3 కిలోవాట్ల సోలార్, ఏడాది వాడాక

కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ ఇచ్చే సబ్సిడీతో మా ఇంటి మీద సోలార్ పెట్టించి మొన్న సంక్రాంతికి ఏడాదయింది. ఏడాది పొడుగునా మీటరు రీడింగులు నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాయగలుగుతున్నాను. పథకానికి అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. పెట్టిన కంపెనీకి రెండున్నర. ఈ తేడా ఎందుకో వివరంగా చెప్పాలి, సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వమే అయినా మన డబ్బు ముందుగా వెళ్లేది ఆ కంపెనీ చేతికే కదా.

మాది గుంటూరు జిల్లా. పాతికేళ్ల నాటి డాబా ఇల్లు, అయిదుగురం ఉంటాం. ఒక ఏసీ, ఒక పాత ఫ్రిజ్, బోరు మోటారు, ఎప్పుడూ తిరిగే నాలుగు ఫ్యాన్లు. 2024 మే నెలలో 480 యూనిట్లు కాలింది, సర్దుబాటు చార్జీలు గట్రా కలిపి బిల్లు 3,700 దాటింది. ఆ రోజే నేనూ మా ఆవిడా కూర్చుని బిల్లు వెనక ఉన్న శ్లాబుల లెక్క మొదటిసారి శ్రద్ధగా చూశాం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కడి నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. అంటే కరెంటు ఆదా చేస్తే ముందు తగ్గేది పైనున్న ఆ 9.75, 8.75 యూనిట్లే, కింద ఉన్న చవక యూనిట్లు చివరికి గానీ తగ్గవు. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే సోలార్ ఎంత పెట్టించాలో, అసలు పెట్టించాలో వద్దో తేలిపోతుంది. మాకు ఇది సగమే అర్థమైంది, అందుకే ఒక చోట డబ్బు ఎక్కువ పెట్టాం, అది తర్వాత చెప్తాను.

సోలార్ కంటే ముందు మేం చేసిన పని ఫ్యాన్లు మార్చడం. పాతవి ఒక్కోటి 75 వాట్లు తాగేవి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ గరిష్ఠ వేగంలో కూడా 30 వాట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి, నాలుగిటి మీద 65 దాకా. మాకు నాలుగూ కలిపి 11,600 అయ్యాయి. చలికాలంలో ఫ్యాన్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి ఏడాదికి 640 యూనిట్ల దాకా తగ్గినట్టు మా లెక్క, తగ్గినవన్నీ పై శ్లాబువే కనుక డబ్బులో చూస్తే దాదాపు 5,000. అంటే రెండేళ్ల పైచిలుకులో పెట్టింది తిరిగొచ్చేస్తుంది. దీనికి మాకు ఎవరూ ఒక్క రూపాయి సబ్సిడీ ఇవ్వలేదు, అయినా ఈ ఇంట్లో పెట్టిన ఖర్చులన్నిటిలో త్వరగా తిరిగొచ్చేది ఇదే. సబ్సిడీ ఉందని సోలార్ గురించి అందరూ మాట్లాడుకుంటారు, సబ్సిడీ లేదని ఫ్యాన్ల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే అది మార్పించాం, ఏసీ 20 నుంచి 25కి జరిపి ఫ్యాన్ వేసుకోవడం అలవాటు చేసుకున్నాం, అంతకు మించి ఏమీ చేయలేదు.

ఇక పథకం సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, దేశం మొత్తం మీద కోటి ఇళ్లు లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000. అక్కడితో ఆగిపోతుంది, 5 కిలోవాట్లు పెట్టినా 10 పెట్టినా అదే 78,000. దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మన సర్వీసు నంబరుతో మనమే పెట్టుకోవచ్చు, దళారి అక్కర్లేదు. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక అనుమతి కోసం విడిగా తిరగాల్సిన పని కూడా లేదు. పోర్టల్ బాగానే పనిచేసింది, ఏ దశలో ఉన్నామో చూపిస్తూ ఉంటుంది. మాకు ఆలస్యమైందంతా మా కాగితాల దగ్గరే. కరెంటు సర్వీసు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి ఆరేళ్లయినా మేం మార్పించుకోలేదు, బ్యాంకు ఖాతా, ఆధార్ నా పేరు మీద. సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే సబ్సిడీ వాళ్ల ఖాతాకే వస్తుంది కాబట్టి ముందు పేరు మార్పు చేయించుకోవాల్సి వచ్చింది, దానికే రెండు నెలలు. మన ఊళ్లలో సగం ఇళ్లకు ఇదే పరిస్థితి, సోలార్ ఆలోచన ఉన్నా లేకపోయినా సర్వీసు పేరు ఇవాళే చూసుకోండి, ఆధార్‌లో ఉన్న ఇంటిపేరు స్పెల్లింగుతో సహా.

ఇంకో చిన్న పొరపాటు నాదే. బ్యాంకు వివరాల దగ్గర చేతికందిన పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఎక్కించాను. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కోడ్ మారింది. వివరాలు వెనక్కి వచ్చాయి, సరిచేసి మళ్లీ పెట్టాను. ఆ తర్వాత అయిదు వారాలకు 78,000 ఒకేసారి ఖాతాలో పడింది. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే సబ్సిడీ అనగానే "ఆ డబ్బులు ఎక్కడొస్తాయిలే" అని మా వీధిలో చాలామంది ముందే వదిలేశారు.

కంపెనీని ఎంచుకునేటప్పుడు నలుగురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. నలుగురూ 3 కిలోవాట్లే అన్నారు, ఒక్కరు కూడా మీ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుందని అడగలేదు. సబ్సిడీ పూర్తిగా రావాలంటే 3 పెట్టాలండీ అన్నదే అందరి మాట. పై వరసలో 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, కింద మనిషి నడిచేంత ఎత్తులో ఇనుప స్ట్రక్చర్, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్, ఎర్తింగు, అన్నీ కలిపి 1,95,000 చెప్పారు. సబ్సిడీ పోను మాకు 1,17,000 పడింది, చీటీ పాడిన డబ్బు ఉంటే కట్టేశాం. చేతిలో డబ్బు లేనివాళ్లకు బ్యాంకులు ఈ పథకం కింద తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నాయి, మేం పెట్టించే నాటికి వడ్డీ 7 శాతం. ఇప్పుడు పెట్టించుకునే వాళ్లకు ఇంకో మేలుంది, సోలార్ సామాను మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం అయింది, కొటేషన్‌లో ఆ తగ్గింపు కనిపించకపోతే గట్టిగా అడగండి.

ఎత్తు స్ట్రక్చర్ అమ్మ కోసం పెట్టించాం. వడియాలు, మిరపకాయలు, చింతపండు అన్నీ మా ఇంట్లో డాబా మీదే ఎండుతాయి, ప్యానెళ్లు నేలబారుగా పరిచేస్తే ఆమెకు చోటుండదు. ఇప్పుడు డాబాలో తూర్పు సగం ఆమెది, పడమటి సగం ప్యానెళ్లది. ప్యానెళ్ల నీడ పడే భాగం కింది పడకగది ఎండాకాలం మధ్యాహ్నం ముందుకంటే చల్లగా ఉంటోంది, ఇది మేం అనుకోని లాభం. నీడ పడని పక్క గదికి ఈసారి తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించాలనుకుంటున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. మన పెద్దవాళ్లు వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టించేది కూడా ఇందుకే.

సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్సుతో చేసినవే అయి ఉండాలి, డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. మాకు కొటేషన్‌లో రాసిన బ్రాండు ఒకటి, లారీలో దిగింది ఇంకొకటి. అది కూడా డీసీఆరే, కానీ ముందు చెప్పలేదు, అడిగితే స్టాకు లేదన్నారు. అప్పుడే దింపనివ్వకుండా ఆపాల్సింది. అంతకంటే పెద్ద తప్పు, స్ట్రక్చర్ కాళ్లు నిలబెట్టడానికి శ్లాబుకే రంధ్రాలు వేసి బోల్టులు బిగించారు. పైన కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో నిలబెట్టమని మేం అడిగాం, సరేనన్నారు, నేను ఆఫీసుకు వెళ్లొచ్చేసరికి రంధ్రాలు పడిపోయాయి. జులైలో రెండో పెద్ద వానకే వంటగది పైకప్పు మీద తడి మరక కనిపించింది. ఎర్తింగు కూడా మొదట రెండు గుంతలే తీశారు. ఏసీ కరెంటు వైపు ఒకటి, ప్యానెళ్ల డీసీ కరెంటు వైపు ఒకటి, పిడుగు రాడ్‌కు విడిగా ఒకటి, మొత్తం మూడు ఉండాలి. ఇది నాకు తెలిసింది మా పక్కింటి బాబాయిగారి వల్ల, ఆయన ఎలక్ట్రికల్ పనిలో రిటైరయ్యారు, ఆయన వచ్చి నిలబడితే గానీ మూడోది తీయలేదు.

ఆగస్టులో ఇంకోటి జరిగింది. సోలార్ ఎంత తయారవుతోందో చూపించే ఫోన్ ఆప్ పనిచేయడం మానేసింది, వైఫై సమస్యేమోలే అనుకుని వదిలేశాం. పదకొండు రోజుల తర్వాత డాబా ఎక్కి చూస్తే ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. అన్ని రోజులూ ఒక్క యూనిట్ తయారవలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నారు. ఈ పథకంలో పెట్టిన వాళ్లే అయిదేళ్లు మెయింటెనెన్స్ చూడాలి, అది మనం సంతకం చేసే ఒప్పందంలోనే ఉంటుంది. ఆ పేజీ ఫోటో తీసి పంపి, పోర్టల్‌లో ఫిర్యాదు పెడతానని చెప్పాకే మనిషి వచ్చాడు. వచ్చాక పని అరగంటే, డీసీ వైపు ఒక కనెక్టర్ వదులైంది. అప్పటి నుంచి వారానికోసారి పైకెక్కి ఇన్వర్టర్ తెర మీద అంకె చూసి రాసుకుంటున్నాను.

ఇంకో సంగతి ముందే తెలిసుండాలి. కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ ఉన్నా సరే. లైను మీద పనిచేసే మనిషికి మన ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆపేసుకుంటుంది, అది మంచికే. పవర్ కట్‌లకు పనికొస్తుందని కొనేవాళ్లు మాత్రం విడిగా బ్యాటరీ ఖర్చు వేసుకోవాలి. నీడ సంగతి కూడా అంతే ముఖ్యం, దక్షిణం వైపు ఇంటివాళ్ల కొబ్బరిచెట్టు నీడ డిసెంబరులో సాయంత్రం ఒక్క ప్యానెల్ మీద పడినా వరస మొత్తం ఉత్పత్తి పడిపోయేది. వాళ్లు పాపం అడగగానే ఎండు మట్టలు కొట్టించారు, కాస్త నయం. కడగడం పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కక ముందు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లటి మరకలు పడుతున్నాయి, అందుకని మున్సిపాలిటీ నీళ్లతో కడుగుతున్నాం.

ఇప్పుడు లెక్క. పగలు మనం వాడగా మిగిలిన సోలార్ కరెంటు లైనులోకి వెళ్లి మన పేరున యూనిట్లుగా జమ అవుతుంది, బిల్లు వచ్చేది తేడా మీదే. 2025 మేలో మేం వాడింది 405 యూనిట్లు, తయారైంది 385, బిల్లు 200 లోపు. వానాకాలంలో తగ్గింది, ఆగస్టులో ఆ పదకొండు రోజులు పోవడంతో మరీ తగ్గింది. ఏడాదికి మొత్తం 3,700 తయారైంది, మేం వాడింది 3,320. ఫ్యాన్ల ఆదా తీసేస్తే సోలార్ వల్లే మిగిలింది 17,000 దాకా. అంటే మా 1,17,000 తిరిగి రావడానికి ఏడేళ్లు. కంపెనీవాళ్లు మూడేళ్లని చెప్పారు. ప్యానెళ్లకు పాతికేళ్ల గ్యారంటీ ఉంటుంది కాబట్టి ఏడేళ్లయినా నాకు సమ్మతమే.

కానీ 2 కిలోవాట్లే పెట్టించి ఉంటే? వాళ్లు చెప్పిన ధర 1,35,000, సబ్సిడీ 60,000 పోను 75,000. ఏడాదికి 2,500 యూనిట్లు తయారయ్యేవి, మిగతా 820 యూనిట్లు, నెలకు 70 కూడా లేవు, చవక శ్లాబులో రెండు మూడు రూపాయల చొప్పున కొనుక్కునేవాళ్లం. అయిదేళ్లలో డబ్బు తిరిగొచ్చేది. మూడో కిలోవాటుకు మా జేబులోంచి వెళ్లింది 42,000, దాని వల్ల మిగిలేది ఏడాదికి 2,000. ఫ్యాన్లు మార్చి వాడకం తగ్గించుకున్నాక కూడా పాత బిల్లు చూసి సోలార్ సైజు నిర్ణయించుకోవడమే మేం చేసిన పొరపాటు. మిగిలిన యూనిట్లు జమ అవుతాయి గానీ, చివర్లో వాటికి కరెంటు వాళ్లు మనకు కట్టే ధర మనం కొనే ధర కంటే బాగా తక్కువ. అందుకే ఈ మధ్య అన్నం, పాలు ఇండక్షన్ పొయ్యి మీదికి మార్చాం, గ్యాసు బండ ఇంకొన్ని రోజులు ఎక్కువ వస్తోంది.

కరీంనగర్‌లో ఉన్న మా అక్క నన్ను చూసి తనూ పెట్టిస్తానంది, వద్దన్నాను. వాళ్లకు తెల్లకార్డు ఉంది, నెలకు 150 యూనిట్లు దాటదు, గృహజ్యోతి కింద 200 దాకా బిల్లు సున్నా. హైదరాబాద్‌లో అపార్టుమెంటులో ఉండే తమ్ముడికి మాత్రం చెప్పాను, లిఫ్టు, నీళ్ల మోటార్ల లాంటి ఉమ్మడి అవసరాలకు అసోసియేషన్ పెట్టించుకుంటే కిలోవాటుకు 18,000 సబ్సిడీ ఉందని. వాళ్ల మీటింగులో ఇంకా తేలలేదు.

వంటగది పైన తడి మరక ఇంకా అలాగే ఉంది. కాళ్ల చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేసి దిమ్మెలు పోస్తామని కంపెనీ వాళ్లు మొన్న కాగితం మీద రాసిచ్చారు, మే నెలాఖరు గడువు. చేస్తే వాళ్ల రెండున్నరను మూడు చేస్తాను.