రాత్రి జిమ్ము క్లాసు, పొద్దున్న బీచ్ రోడ్డు: మూడేళ్ల తర్వాత నా మాట

మూడేళ్లలో జిమ్ము, జాగింగు, సూర్య నమస్కారాలు అన్నీ చేశాను. బరువు తగ్గడం గురించి అందరూ రాస్తారు, నేను చెప్పేది మూడ్ గురించి మాత్రమే. ముందే చెప్పేస్తా, రాత్రి 8 గంటల హై ఇంటెన్సిటీ క్లాసు (జిమ్ములో గుండె అదిరేలా గట్టిగా చేయించే వ్యాయామం) అంటే నాకిప్పటికీ ఒళ్లు మంటే.

మొదట్లో దాన్ని తెగ పొగిడింది నేనే, ఆఫీసులో ఇద్దర్ని చేర్పించాను కూడా. క్లాసు అయ్యాక ఓ అరగంట గాల్లో తేలినట్టు ఉండేది, అది నిజమే. ఆ తర్వాతే అసలు సంగతి. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంటే ఒళ్లంతా అలిసిపోయి ఉంటుంది గానీ కళ్లు మూతపడవు, దిండుకి చెవి ఆనిస్తే గుండె దడదడ వినిపించేది, ఒంటిగంట దాకా ఫ్యాను వంక చూస్తూ ఉండటమే. ఒకరోజు క్లాసు నుంచి రాగానే మావాడు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు, నేను అరిచిన అరుపుకి వాడి చేతిలో పెన్సిలు జారిపోయింది. కాసేపాగి వచ్చి "అమ్మా, జిమ్ముకెళ్లిన రోజే ఎందుకు కోప్పడతావ్?" అన్నాడు. వాడు అడిగేదాకా నేను గమనించుకోనే లేదు.

ఆ వారంలోనే మానేసి బీచ్ రోడ్డు మొదలుపెట్టా. వైజాగ్ వాళ్లకి తెలుసు, తెల్లారుజామున ఆర్కే బీచ్ దగ్గర బళ్లు ఆపేస్తారు, కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా రోడ్డంతా మనదే. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగేంత మెల్లగా 40 నిమిషాలు పరిగెత్తుతా. రెండు వారాలు ఏమీ తెలియలేదు. మూడోవారం ఆఫీసులో పొద్దున్నే మాట పడ్డాను, మామూలుగా అయితే రాత్రి దాకా అదే తల్లో తిరుగుతుంది, ఆరోజు క్యారియరు విప్పేసరికి మర్చేపోయాను! జిమ్ములో అందరూ ఈ హుషారుకి ఎండార్ఫిన్లనే రసాయనాలు కారణం అంటారు గానీ రక్తంలో ఉన్నవి మెదడులోకి సరిగా వెళ్లలేవట, పరుగు తర్వాతి ఆ నిమ్మళానికి ఒంట్లోనే తయారయ్యే ఎండోకన్నబినాయిడ్లనే వేరే రసాయనాలు కారణం కావచ్చని చదివాను.

అయితే మే నెలలో ఇది నా వల్ల కాదు. ఆరున్నరకే ఉక్కపోత, చెమట కళ్లలోకి కారి ఇంటికి చేరేసరికి చిరాకు. ఎండలు తగ్గేదాకా ఇంట్లోనే 12 సూర్య నమస్కారాలు, ఊపిరి చూసుకుంటూ మెల్లగా. అంత హుషారు రాదు గానీ నిద్ర బాగా పడుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. పరిగెత్తితే మనసు బాగైపోతుందని ఒక ఫ్రెండ్‌కి నెలల తరబడి చెప్పాను, తను మంచం దిగలేని స్థితిలో ఉందని నాకర్థం కాలేదు. డాక్టరు దగ్గరికెళ్లి మందులు మొదలుపెట్టాకే నాతో నడకకి రాగలిగింది. అప్పట్నించి ఎవరికీ అలా చెప్పట్లేదు.

నాకు బీచ్ పది నిమిషాల దూరం, టిఫిను మా ఆయన చూసుకుంటారు, అందుకే సాగుతోంది. హైదరాబాద్‌లో మా చెల్లికి నైట్ షిఫ్టు, సాయంత్రం ఆరంటే దానికి పొద్దున్న కింద లెక్క, నేను వదిలేసినలాంటి క్లాసే దానికి బాగా పడింది. జిమ్ము మెంబర్‌షిప్పు నేనూ రెన్యూ చేస్తూనే ఉన్నా, శనివారం పొద్దున్న వెళ్లి బరువులు ఎత్తి వస్తా. పొద్దున్నైతే దాంతో నాకే గొడవా లేదు.