నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి తొంగిచూడాలంటే ఏ కన్సోల్ మేలు?

రాత్రి పదకొండున్నరకు మా పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి కదలకుండా కూర్చుంది. లాగ్‌లో చివరి వరుస పడి నలభై నిమిషాలైంది. తప్పు దొర్లినట్టూ లేదు, పని ముగిసినట్టూ లేదు. ఆపి మళ్లీ మొదలుపెడితే నడుస్తుందని తెలుసు. కానీ ఆపిన మరుక్షణం, ఎందుకు ఆగిందో చెప్పే ఆధారమూ చెరిగిపోతుంది. ఇలాంటప్పుడు ఏ కన్సోల్ (ఆజ్ఞ కొడితే జవాబిచ్చే తెర) తెరవాలి?

జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే చట్రం) షెల్ తెరవండి అన్నాడు ఒక మిత్రుడు. చాలామంది మొదట చేసేదీ అదే. ఆ షెల్ తన కోసం వేరే ప్రాసెస్‌ను, అంటే విడి మెమరీతో నడిచే మరో ప్రోగ్రామ్‌ను, మొదలుపెడుతుంది. కోడ్ అదే, డేటాబేస్ అదే, కానీ ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్ మెమరీ అందులో ఉండదు. మన ఇంట్లో పోయిన తాళంచెవిని, అదే నమూనాలో కట్టిన పక్కింట్లో వెతికినట్టు ఉంటుంది. రూబీ భాషలో ఇలాంటి చట్రమైన రైల్స్ కన్సోల్ కథా ఇంతే. డేటాబేస్‌లో ఒక వరుస ఎలా ఉందో చూడటానికి ఇంతకంటే సులువైనది లేదు. ఆగిన ప్రోగ్రామ్ విషయంలో మాత్రం అది నోరు విప్పదు.

కోడ్ రాస్తున్నప్పుడైతే నా ఓటు బ్రేక్‌పాయింట్‌కే (ప్రోగ్రామ్‌ను కోరిన చోట ఆపే గుర్తు). 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఆ ఒక్క మాట రాస్తే చాలు, అక్కడ ప్రోగ్రామ్ ఆగి, పైథాన్‌తోపాటే వచ్చే డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) పీడీబీ తెరుచుకుంటుంది. ఒక చిన్న ఉచ్చు ఉంది: ‘ఎన్’ అనే వేరియబుల్ విలువ చూద్దామని ఆ అక్షరం కొడితే, పీడీబీ దాన్ని ఆజ్ఞగా తీసుకుని తరువాతి వరుసకు జరిగిపోతుంది. ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. నేను ఇప్పటికీ నెలకోసారి మరచిపోతాను. అయితే ఆగాల్సిన చోటు మనకు ముందే తెలిసి ఉండాలి. పైగా సర్వర్‌లో పొరపాటున వదిలేస్తే గొడవే: పైథాన్ వెబ్ సర్వర్ గునికార్న్, తన మామూలు వర్కర్ (అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రాసెస్) 30 సెకన్లు స్పందించకపోతే దాన్ని చంపేస్తుంది.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్య. ఒకటి పై-స్పై. రస్ట్ భాషలో రాసిన ఈ పనిముట్టు ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస కూడా నడపదు. ప్రాసెస్ మెమరీని బయటినుంచి చదివి, ప్రతి థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన సాగే పనుల్లో ఒకటి) ఏ ఫైలులో ఏ వరుస దగ్గర ఉందో చెబుతుంది. అడిగితే లోకల్ వేరియబుళ్లనూ చూపిస్తుంది (వాటిలో పాస్‌వర్డులూ ఉండవచ్చు, ఆ తెరను గ్రూపులో పంచకండి). రెండోది 2025 అక్టోబరులో విడుదలైన పైథాన్ 3.14తో వచ్చిన సదుపాయం: ప్రాసెస్ సంఖ్య ఇస్తే పీడీబీ నేరుగా నడుస్తున్న ప్రోగ్రామ్‌కే అతుక్కుంటుంది. ఇది నిజమైన కన్సోల్. పైథాన్ డిక్షనరీలో ఎన్ని పద్దులు పేరుకున్నాయో అడగవచ్చు, ఫంక్షన్ పిలవవచ్చు, విలువ మార్చవచ్చు.

వినడానికి రెండోదే ఘనంగా ఉంటుంది. కానీ ఆ రాత్రి అది మా దగ్గర ఉన్నా అక్కరకొచ్చేది కాదు. అతుక్కున్న పీడీబీ మేల్కొనాలంటే ప్రోగ్రామ్ తన తరువాతి బైట్‌కోడ్ ఆజ్ఞ (పైథాన్ లోపల నడిపే చిన్న అడుగు) దగ్గరికి రావాలి, లేదా దానికి ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఒక సిగ్నల్ అందాలి. నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురుచూస్తూ నిద్రపోతున్న ప్రోగ్రామ్ ఆ చోటికి రానే రాదు. పై-స్పైకి ఆ ఇబ్బంది లేదు. నిద్రపోతున్న వాడి నాడి చూడటానికి వాడు లేవనక్కరలేదు కదా. స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా) పైభాగాన ఎస్ఎస్ఎల్ రీడ్ (భద్రమైన నెట్‌వర్క్ కనెక్షన్ నుంచి చదవడం), దాని కింద కొన్ని వరుసల తరువాత మా ఫంక్షనే కనిపించింది. వెబ్ అభ్యర్థనలు పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీని టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే గడువు) ఇవ్వకుండా పిలిచాం. మనం ఇవ్వకపోతే అది తనంతట తాను గడువు పెట్టుకోదు, అవతలి సర్వర్ మౌనం వహిస్తే తెల్లవార్లూ కూర్చుంటుంది.

అందుకే ఆగిన ప్రోగ్రామ్‌కు పై-స్పై, తిరుగుతూనే తేడాగా ప్రవర్తించే ప్రోగ్రామ్‌కు పీడీబీ అంటాను. మెమరీ రోజురోజుకూ ఉబ్బుతోందంటే స్టాక్ చూసి లాభం లేదు, లోపలికి వెళ్లి ప్రశ్నలు అడగాల్సిందే. అడుగుతున్నంతసేపూ ప్రధాన థ్రెడ్ ఆగే ఉంటుంది కాబట్టి, ప్రాంప్ట్ తెరిచి టీకి వెళ్లకూడదు. ఈ విషయంలో ఎర్లాంగ్ భాష వాళ్లను చూస్తే అసూయ కలుగుతుంది. నడుస్తున్న నోడ్‌కు (ఎర్లాంగ్ ప్రోగ్రామ్ నడిచే వ్యవస్థ) షెల్ తగిలిస్తే అదీ మరో చిన్న ప్రాసెస్‌లా పక్కన ఉంటుంది, మిగతావి సాగుతూనే ఉంటాయి. అక్కడా ఒక గొయ్యి లేకపోలేదు: దూరపు షెల్ నుంచి బయటపడదామని క్యూ ఆజ్ఞ ఇస్తే నోడే ఆగిపోతుంది. ఇక సీ లాంటి భాషలకు వాడే డీబగ్గర్ జీడీబీని, సీలో రాసిన పైథాన్ పొడిగింపుల్లో తేడా ఉందని అనుమానం వచ్చినప్పుడే తీస్తాను. అది అతుక్కోగానే థ్రెడ్లన్నీ నిలిచిపోతాయి.

పై-స్పైతో తలనొప్పి అనుమతి. లినక్స్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ను చూడాలంటే దానికి సాధారణంగా రూట్ (పూర్తి అధికారం ఉన్న ఖాతా) హక్కు కావాలి, డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచే పెట్టె) లోపలైతే సాధారణంగా పీట్రేస్ (మరో ప్రాసెస్‌ను పరిశీలించే) హక్కు విడిగా ఇవ్వాలి. ఆ రాత్రి స్టాక్ చదవడానికి పట్టింది రెండు నిమిషాలు. హక్కున్న మనిషిని నిద్రలేపడానికి పట్టింది యాభై. ఇప్పుడు కంటైనర్లకు ఆ హక్కు ఇవ్వకుండా, వాటిని మోసే అసలు యంత్రమైన హోస్ట్ మీదే పై-స్పై ఉంచి, ఆ ఒక్క ఆజ్ఞను సుడోతో (రూట్ హక్కుతో నడిపే ఆజ్ఞ) నడిపే వీలు డ్యూటీలో ఉన్నవారికి ఇచ్చాం.