పిల్లల రోలర్ హాకీ కోచింగ్: నేర్పడం బాగుంది, భద్రత లేదు
మియాపూర్ వైపు మా బాబుని చేర్పించిన కోచింగ్ ఇది. స్కేటింగ్ బాగా నేర్పుతారు, ఫీజు పర్లేదు. కానీ పోయిన ఆదివారం మ్యాచ్‌లో ఓ పెద్దబ్బాయి వెనక నుంచి వచ్చి మావాణ్ణి గోడకేసి నెట్టేశాడు, హెల్మెట్ పట్టీ ఊడి గడ్డం చీరుకుపోయింది, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, కోచ్ మాత్రం "ఆటన్నాక తగుల్తాయి సార్" అని విజిల్ ఊది మళ్లీ ఆడించేశాడు. అదేం మాట? ఒళ్లు తగిలించుకుంటూ ఆడే ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ లీగ్) ఐస్ హాకీలోనే పక్క నుంచి, కనబడని వైపు నుంచి వచ్చి తలకి గురిపెట్టి కొట్టడాన్ని 2010లో నిషేధించారు, 2011లో ఆటగాళ్ల భద్రతకు ప్రత్యేక విభాగం పెట్టారు, ప్రమాదకరమైన దెబ్బల్ని వీడియోలో చూసి సస్పెండ్ చేస్తారు, 2015లో రఫీ టోరెస్ అనే ఆటగాణ్ణి ఏకంగా 41 మ్యాచ్‌లు ఆపేశారు. ఇక్కడ నెట్టినవాణ్ణి రెండు నిమిషాలైనా బయట కూర్చోబెట్టలేదు. రెండు స్టార్లే ఇస్తున్నా.