టైరు సెన్సార్లతో మూడేళ్లు: ముందు వాల్వులు మార్చండి

టెంపో ట్రావెలర్‌ని పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకుతో క్యాంపర్‌గా మార్పించుకున్నాక టైర్ల మీద బెంగ మొదలైంది. ముందు రెండు, వెనక జోడు టైర్లు నాలుగు. అమెరికాలో ఉండే మా బావమరిది మోటర్‌హోమ్ వెనక కారు కట్టుకుని తిరుగుతాడు. ఆ కారు టైరు పగిలినా స్టీరింగు దగ్గర కూర్చున్న తనకు తెలియదట, అందుకే దానికీ నాలుగు సెన్సార్లు పెట్టాడు, టైర్లలో గాలి ఎంతుందో డ్రైవరు ముందున్న తెర మీద చూపించి, తగ్గితే అలారం కొట్టేవి. మనకు ఆ బాధ లేదులే అనుకున్నాను. ఉంది. జోడు టైర్లలో లోపలిది అచ్చం అంతే. దాని గాలి పోయినా బయటి టైరు బరువు మోస్తూ బండిని నిలబెడుతుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది.

నేను తీసుకున్నది వాల్వు మీద మూతలా బిగించే రకం, ఆరు సెన్సార్ల సెట్టు. రిమ్ము లోపల కూర్చునే రకం కారుకైతే మంచిదే. కానీ దాని బ్యాటరీ అయిపోతే టైరు విప్పి సెన్సారే మార్చాలి. పంక్చర్ వేసేటప్పుడు ఇనప పట్టీ తగిలినా పోతుంది. మూత రకంలో సీఆర్1632 బిళ్ల బ్యాటరీ మనమే వేసుకోవచ్చు.

తప్పు సెన్సార్ల ఎంపికలో కాదు, వాల్వుల్లో జరిగింది. ట్యూబ్‌లెస్‌కి మార్చినప్పుడు షాపువాళ్లు మామూలు రబ్బరు వాల్వులు వేశారు. ఆ రకం సాధారణంగా 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకే. నేను చల్లటి టైరులో కొట్టించేది 60. పైగా కొసన సెన్సారు బరువు. మొదటి వేసవిలో శ్రీశైలం పోతూ కల్వకుర్తి దాటాక ముందు ఎడమ టైరు 66 నుంచి 61కి, చూస్తుండగానే 55కి దిగింది. పక్కకు ఆపి సబ్బు నీళ్లు పోస్తే వాల్వు మొదట్లో, రిమ్ము అంచున, చిన్న చిన్న బుడగలు. రబ్బరు గోరంత మేర చీలింది. స్టెప్నీ వేసుకుని డిండి దగ్గర పంక్చర్ షాపులో చూపిస్తే ఆయన సెన్సారుని వేలితో అటూ ఇటూ ఊపి, "సార్, చక్రం తిరుగుతుంటే ఇది ఊగుతది, రబ్బరు ఎన్ని రోజులు ఆగుతది?" అన్నాడు. లీకు కనిపెట్టిందీ సెన్సారే, లీకు తెచ్చిందీ సెన్సారే! రాత్రి తొమ్మిదికి శ్రీశైలం అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు, ఆ హడావిడిలో నవ్వు కూడా రాలేదు.

వారం తిరక్కుండా ఆరింటికీ లోహపు వాల్వులు వేయించాను. వెనక లోపలి టైర్లకు గట్టి లోహపు పొడుగు వాల్వులు, బయటి చక్రం రంధ్రంలోంచి చేతికి అందేలా. మెలికలు తిరిగే గొట్టాలు వద్దు. ఇంకో సంగతి, సెన్సారులోని ఇత్తడి మర అల్యూమినియం వాల్వు మీద వానాకాలం తర్వాత తుప్పుతో కరుచుకుంటుంది. ఇత్తడి వాల్వే అడగండి, ఆరు నెలలకోసారి విప్పి బిగించండి.

అలారం హద్దుల్లోనూ దెబ్బ తిన్నాను. పైహద్దు 66 పెట్టుకుని ఏప్రిల్ మొత్తం కీచుకీచులు విన్నాను. తెల్లారి 25 డిగ్రీల దగ్గర 60 ఉన్న టైరు, ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు తోలి 55 డిగ్రీలకు వేడెక్కితే 67 దాటుతుంది. అది జబ్బు కాదు, గాలి స్వభావం. వేడి మీద గాలి తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది. ఇప్పుడు కింద 51, పైన 75. అసలు చూడాల్సింది అంకె కాదు, జత. పక్కపక్క టైర్లలో ఒకటి 67, ఇంకొకటి 61 ఉంటే దిగి చూస్తాను. పోయిన వానాకాలం వెనక లోపలి టైరులో మేకు దిగినట్టు అలాగే తెలిసింది.

సోలార్ డిస్‌ప్లే మాత్రం దండగ. మే ఎండలో ఉప్పల్‌లో డ్యాష్‌బోర్డు మీద వదిలితే జిగురు కరిగి కిందపడింది, తర్వాత లోపలి బ్యాటరీ ఉబ్బింది. అమ్మినవాళ్లు వారంటీ మాటెత్తితే ఫోను తీయడం మానేశారు. ఇప్పుడున్నది సిగరెట్ సాకెట్‌లో గుచ్చేది. వెనక చక్రాల సిగ్నల్ అందక మధ్యలో రిపీటర్ (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పరికరం) కూడా కొనాల్సొచ్చింది. పొడుగు బండికి అది సెట్టుతోనే తీసుకోండి.

సెన్సార్లను దొంగలు ఎత్తుకుపోకుండా ఇచ్చే లాక్ నట్టులు తీసి డబ్బాలో పడేశాను. పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి ముందు బుల్లి స్పానర్ పట్టుకుని ఆరు చక్రాల చుట్టూ గొంతుక్కూర్చోవడం నా వల్ల కాదు. ఇంతవరకూ ఒక్కటీ పోలేదు.

ఏడాదిన్నరకు రెండు సెన్సార్ల బ్యాటరీలు అయిపోయాయి, కానీ డిస్‌ప్లే చాలాసేపు పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది. అందుకే ప్రయాణానికి ముందు ఒక్కో సెన్సారు విప్పి అలారం మోగుతుందో లేదో చూస్తాను. గేజీకీ దీనికీ రెండు పీఎస్ఐ తేడా ఉంటుంది, పట్టించుకోను.

రెండు వారాలుగా కుడి ముందు టైరు వారానికి ఒక పీఎస్ఐ చొప్పున దిగుతోంది. మేకు కనపడలేదు, వాల్వు దగ్గర బుడగలూ లేవు. ఆదివారం రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోయాలి.